ఇటలీ వెళ్ళిన దూది కోటు

బీజింగ్, మార్చి 6

పెద్దమ్మకు జింగ్యే నమస్కారాలు.

ఎనిమిదేళ్ళుగా బొమ్మలు వేస్తున్నా నన్నెవరూ పట్టించుకోలేదని నీకు తెలుసు. ఇప్పుడు ఇటలీలో దేశదేశాల కళాకారుల ప్రదర్శనకు పిలుపొచ్చింది! నువ్వొక సాయం చేయాలి. గొడ్ల కొట్టంలో మేకుకు వేలాడుతుందే, పోయిన పెదనాన్న పాత దూది కోటు, అది పంపు. ఉతక్కు, కుట్టకు. ఎలా ఉందో అలాగే కావాలి.

నీ జింగ్యే

హావ్‌జియా మెట్ట, మార్చి 19

ఒరే జింగ్యే, దీవెనలు.

ఇటలీలో అంత చలా? కోటు కొనుక్కోలేని స్థితిలో ఉన్నానని మీ నాన్నకు చెప్పుకోలేక నన్నడిగావు, నాకు తెలీదనుకోకు. కొట్టంలోదే కావాలని గట్టిగా రాశావు, నీ ఇష్టం. పేడ మాత్రం గీకేశాను. నీ పరువు పోకుండా కొత్త ఉన్ని లాగు కూడా పెట్టాను.

మీ పెద్దమ్మ లాన్‌షియాంగ్

తా.క.: కోటు ఒంటికి తగలనివ్వకు. దురద.

ఇటలీ, సెప్టెంబరు 2

పెద్దమ్మా, నమస్కారం.

మన కోటు అందరి మనసులూ గెలిచింది! తెల్లటి హాల్లో గాజుపెట్టెలో పెట్టి, ‘మా పెదనాన్న భుజాలు’ అని పేరు పెట్టాను. ముప్పై ఏళ్ళు ఆ ఒక్క కోటుతోనే ఆయన సేద్యం చేశాడని, ప్రతి అతుకూ నువ్వే వేశావని విలేకరులకు చెబుతూ ఏడ్చేశాను. నన్ను చూసి వాళ్ళూ ఏడ్చారు. ఒక మ్యూజియం వాళ్ళు దాన్ని శాశ్వతంగా ఉంచుకుంటారట. ఏ అతుకు ఏ ఏడు వేశావో అడగడానికి ఆ మ్యూజియం ఆవిడ మన ఊరి కార్యాలయానికి ఫోను చేస్తుంది.

నీ జింగ్యే

తా.క.: పెట్టె మూసేముందు ఆవిడ కోటు వాసన చూసి, ‘ఇది శ్రమ వాసన’ అని కళ్ళు మూసుకుంది.

తా.క. 2: ఉన్ని లాగు కూడా నా కళాఖండమేననుకుని పక్కన వేలాడదీశారు. దాని ముందే జనం ఎక్కువ.

హావ్‌జియా మెట్ట, సెప్టెంబరు 28

ఒరే వెర్రి నాయనా,

ఫోను వచ్చింది. మన భాష తెలిసిన అమ్మాయి ఒకతె ఆవిడ మాటలు చెప్పింది. “మీ ఆయన ఆ కోటు ఎన్నేళ్ళు వేసుకున్నారు?” అంది. “ఒక్క పూట కూడా వేసుకోలేదమ్మా. అది కొర్రచేలో పిట్టల్ని బెదిరించే బొమ్మది. చలికాలం దాని మీద మా మేకపోతు పడుకుంటుంది” అన్నాను. అవతల ఆవిడ పకపకా నవ్వింది. మ్యూజియానికి ఇక వద్దంది.

“మరి ఆయన అసలు కోటు?” అంది.

“నా ఒంటి మీదుంది.”

“మాకిస్తారా?”

“ఇవ్వను. చూడాలంటే రండి, నూడిల్స్ చేసి పెడతాను” అన్నాను.

మీ పెదనాన్న చిరుగుల కోటుతో తిరిగాడని లోకమంతా చాటావా? ఇంట్లో నేనుండగానా? ఆయన కోటుకు ఒక్క అతుకు చూపించరా! నువ్వు ఏడ్చింది ఆయన కోసమే గనక తిట్టకుండా వదిలేస్తున్నాను. ముందు ఆ విలేకరుల్ని పిలిచి నిజం చెప్పు.

మీ పెద్దమ్మ

తా.క.: బొమ్మకు బట్టల్లేక, నువ్వు కాలేజీలో రంగులు పూసుకుని వదిలేసిన చొక్కా తొడిగాను. ఒక్క పిట్ట వాలితే ఒట్టు! నీ కళలో ఏదో ఉందిరా.