గొంతు ఎర్రబడిన పిట్ట

అత్తా,

బాగుండావా? నువ్వు పోయి ఏడాది దాటింది. ఉగాదికి నీ ఫోటోకి దండ వేసి ఒక సంగతి చెప్పాలనుకున్నా. ఇంటినిండా జనం. నవ్వొస్తే ఆపుకోలేనని, ఇట్లా రాస్తా ఉండా.

నీ పిట్ట వచ్చిందత్తా.

తుంటి విరిగి నువ్వు వసారాలో మంచం పట్టినప్పుడు, వేపచెట్టు కింది కొమ్మ మీదికి వచ్చేది చూడు... పిచ్చుక కన్నా చిన్నది, మట్టిరంగుది, తోక మీద తెల్లమచ్చలు. మన ఎండుచేపల మీద ముసిరే ఈగని గాల్లోనే పట్టుకుని మళ్లీ కొమ్మెక్కేది. "ఈ పిల్ల ఒక్కటే నా మాట వింటది" అనేదానివి. మామ ఆగడాలన్నీ దానికే చెప్పుకున్నావు. పెళ్లైన కొత్తలో నిన్ను కావలి సంతలో మరిచిపోయి ఒక్కడే ఇంటికొచ్చిన సంగతితో సహా. నేను వంటింట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని.

"దాని పేరేందో కనుక్కోవే, పేరు తెలీకుండా ఎట్లా పిలిచేది?" అన్నావు. నాకేం తెలుసు? నీ కొడుకు పిచ్చుకే అన్నాడు. నువ్వు పోయినావు, ఎండలు ముదిరినాక అదీ పోయింది...

కార్తీకం వానలు వెలిసినాక ఒకరోజు చేపలు తిరగేస్తా ఉంటే, గడియారానికి కీ ఇచ్చినట్టు "టిర్ర్... టిర్ర్" అని వినబడింది. అదే కొమ్మ. తోక ఎగరేసినప్పుడల్లా దాని మొదలు దగ్గర రెండు పక్కలా అవే తెల్లమచ్చలు. గొంతు మాత్రం ఇటుకరంగులో ఎర్రగా ఉంది. ఇది వేరేదా?

ఫోటోకి నిలిస్తే కదా. చేపలు కాకులపాలైనా కాచుకుని కూర్చున్నా. కడకి దొరికింది. మా తమ్ముడు పులికాట్‌లో పిట్టల్ని చూడను వచ్చేవాళ్లకి పడవ నడుపుతాడు కదా, వాడికి పంపినా. వాడు వాళ్లనడిగి చెప్పినాడు. ఎర్రగొంతు ఈగపట్టు పిట్ట అంట. రష్యా పక్క మంచుదేశాల నుంచి చలికాలానికి వస్తదంట. నచ్చిన చోటుకే మళ్లీ రావడం కూడా ఉందంట.

ఆడదానికి గొంతు ఎరుపుండదంట. కుర్ర మగపిట్టకి కూడా మొదట్లో ఆడదాని రంగే... వయసొచ్చేకొద్దీ ఎరుపు తేలతదంట.

అంటే అత్తా... అది పిల్ల కాదేమో, కుర్రోడేమో. మొగుడి మీద చాడీలన్నీ పోయి పోయి ఒక మగాడికే చెప్పుకున్నావా?

నేను పడీపడీ నవ్వతా ఉంటే నీ కొడుకు ఏందని అడిగినాడు. నువ్వు పోయినాక ఆయన వసారాలో కూర్చున్నది లేదు. నీ మంచం ఉన్న చోటు చూడకుండా తల వంచుకుని దాటిపోయేవాడు. చెప్పినా. మెల్లగా వచ్చి నా పక్కన కూలబడి, కళ్లు తుడుచుకుంటా నవ్వినాడు. కావలి సంత కథ మళ్లీ చెప్పించుకున్నాడు.

పోయినేటి పిట్టే ఇదని ఎవరు చెప్పగలరు? నేనింక ఎవరినీ అడగలా.

నిన్నటి నుంచి కొమ్మ మీద లేదు. దాని ఊరికి బయలుదేరి ఉంటది. నీ కొడుకు వసారాలో కూర్చుని వల బాగుచేసుకుంటా ఉండాడు, ఏదో పాట కూడా కూనిరాగం తీస్తా ఉండాడు. మెత్తళ్ల పులుసు పొయ్యి మీద ఉంది, అడుగంటేలోపల పోవాల.

ఆయన్ని నేను చూసుకుంటాలే అత్తా. నువ్వు నిశ్చింతగా ఉండు.

నీ కోడలు
సుజాత