ఈ ఏటి ఆవకాయ

తిరువూరు

వదిన గారికి,

ఈసారి ఆవకాయ బస్సులో పంపడం లేదు. కోపం తెచ్చుకోకండి, కారణం రాస్తున్నాను.

మూడో రోజు తిరగకలపాల్సి ఉండగా అత్తయ్య జాడీ దగ్గరికి రాలేదు. "నేను ముట్టుకోకూడదు, నువ్వే కలుపు" అన్నారు. ఆవిడకి ముట్లు ఆగిపోయి ఆరేళ్లయింది. గట్టిగా అడిగితే, చలికాలం నుంచి అప్పుడప్పుడూ కనబడుతోందన్నారు. వేడి చేసిందనుకున్నారట. కోడలిని నాకూ, కన్నకూతురు మీకూ చెప్పలేదు గానీ, పచ్చడికి మాత్రం మైల తగలనివ్వలేదు.

విజయవాడలో చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్. మొదటి దశేనని, నయమయ్యే అవకాశం ఎక్కువని డాక్టరు గారు చెప్పారు. గురువారం ఆపరేషన్. ఏ బాధా లేకపోయినా ముప్ఫై దాటిన ఆడవాళ్లు పరీక్ష చేయించుకోవాలట. నేను చేయించుకున్నాను, ఏమీ లేదన్నారు. మీరు "చూద్దాంలే" అంటారని తెలుసు. బుధవారానికల్లా రండి. మీ పరీక్ష అయ్యాకే ఆవకాయ డబ్బా ఇస్తాను.

జాడీ నేనే తిరగకలిపాను. ఆ రోజు నాకూ నెలసరే. అత్తయ్యకి చెప్పలేదు. పచ్చడి పాడవలేదు.

మీ మరదలు