అరచేతికి తెలిసిన వేడి

సుజాతా,

ఈ రోజు కూడా కొనకుండానే వచ్చేసేవాణ్ణి. నువ్వు పోయాక ఇంట్లోకి ఏ వస్తువు కొనాలన్నా నాకు ధైర్యం చాలడం లేదు. శ్రావణికి ఆటలు ఆడుకోవడానికి మంచి లాప్‌టాప్ కావాలట. మలక్‌పేటలో దుకాణాలన్నీ తిరిగాను. ఒకటి నచ్చగానే, రేపు దీన్ని మించింది వస్తుందేమోనని కాళ్లు బయటికి లాగేవి.

"ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చు సార్. గ్రాఫిక్స్ కార్డే మార్చలేం. గదొక్కటి మంచిది తీస్కోండ్రి, నాలుగేండ్లు ఫికర్ ఉండది," అన్నాడు దుకాణం భాయ్.

"మధ్యలో పాడైతే?" అన్నాను, మళ్లీ.

"నాన్నా, నువ్వు గిట్ల అడుగుతనే ఉంటే ఇది గూడ పాతదైతది," అంది శ్రావణి.

కుదురుగా కూర్చోలేక గుమ్మం దాకా వెళ్లాను. తిరిగి చూస్తే, అప్పటిదాకా దానిమీద ఆట ఆడిన మన పిల్ల, లాప్‌టాప్ ఎత్తి అడుగున అరచెయ్యి పెట్టి చూస్తోంది.

మిక్సీ కొన్న రోజు నువ్వు నానబెట్టిన మినప్పప్పు దుకాణానికే తీసుకెళ్లావు. అక్కడే రుబ్బించి, కింద ఇలాగే చెయ్యి పెట్టావు. అప్పుడు శ్రావణి నీ కొంగు పట్టుకుని నిలబడి ఉంది.

"మరీ అంత వేడి లేదు నాన్నా," అంది శ్రావణి, లాప్‌టాప్ కింద పెడుతూ.

ఆ మిక్సీ ఇంకా బాగానే తిరుగుతోంది. నేనింకేమీ అడగకుండా కొనేశాను.