మెడలో పసుపు కొమ్ము

సిద్దిపేట, బుధవారం రాత్రి

పొద్దున మెదడు స్కానింగ్ అయింది. ఒంటి మీద లోహం ఉండొద్దన్నారు. పుస్తెలతాడు తీసి ఆయన చేతికిచ్చి, ఇంటి నుంచి తెచ్చుకున్న పసుపు కొమ్మును దారంతో మెడలో కట్టుకున్నాను. మిషను మా మగ్గంలాగే టకటకలాడింది. కాసేపు నిద్ర కూడా పట్టింది.

డాక్టరమ్మ ఫిలిం చూపించింది. "జ్ఞాపకాలు దాచే జాగ జర చిక్కి చిన్నగైందమ్మా. పెద్ద జబ్బని ఇప్పుడే అనలేం. ఆర్నెల్లకు మళ్లా చూద్దాం." తలూపాను. భయం వేయాలి కదా, వేయలేదు.

సాయంత్రం ఇంట్లో ఆయన నా మెడ చూశాడు. "ఇంకా కొమ్మే ఉందేంది? పుస్తెలు ఏసుకోలేదా?"

"మీ దగ్గర్నే ఉన్నయి గదా."

"గాడనే, స్కానింగ్ అయినంక నీ చేతిల పెట్టిన గదనే!"

నాకు గుర్తు లేదు. బీరువా, సంచి, దిండ్ల కింద, అన్నీ వెతికాం. ఆయన మళ్లీ మొదటి నుంచి దిండ్లు దులపసాగాడు. తిట్టినా బాగుండేది.

ఇది రాద్దామని డైరీ తెరిస్తే, ఈ రోజు పేజీలో పైన ఒక వరుస అప్పటికే ఉంది: "పుస్తెలు పప్పు డబ్బాలో పెట్టాను. మరిచిపోవద్దు." అక్షరాలు నావే.

వెళ్లి చూస్తే ఉన్నాయి. వేసుకున్నాను గానీ, పసుపు కొమ్ము విప్పలేదు. రేపు మళ్లీ ఎక్కడైనా తీసి పెడితే, మెడ బోసిగా ఉండొద్దు.