కరెంటు కారు ఏ శాఖ కిందకు వస్తుంది?

రెవెన్యూ డివిజనల్ అధికారి గారి దివ్య సముఖమునకు, నందిగామ.

చందర్లపాడు మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించువాడును, నందిగామ చర్చి వెనక సందు నివాసియునైన కె. స్తెఫను వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా సందు మొదట్లో స్టార్టు కాక నిలిచిపోయిన ఎలక్ట్రిక్ కారును తొలగించి, నిండు గర్భిణికి దారి ఇప్పించుట గురించి.

1. మా అమ్మాయి జాయిస్ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చియున్నది. కడుపులో మాయ కిందికి ఉన్నదనియు, మంచం దిగరాదనియు, రక్తం కనబడితే క్షణం ఆగక ఆసుపత్రికి తేవలెననియు డాక్టరమ్మ గారు ఆదేశించియున్నారు. ఆ ప్రయాణం నిమిత్తమే, కుదుపు లేని బండి అని అందరూ చెప్పగా సదరు కారును కొనడమైనది. సదరు కారే ఇప్పుడు దారికి అడ్డం పడియున్నదని మనవి.

2. మా సందుకు ఒక్కటే మొగ. అవతలి కొస గోడ. గడిచిన శుక్రవారం సందు మొదట్లో షామియానా వేసి ఈస్టరు ముందటి శ్రమదినాల ప్రార్థన కూడిక జరిపితిమి. వాక్యం చెబుతుండగా మధ్యలో కరెంటు పోయినది. మైకు సెట్టు నా బావమరిది బెన్నిది. అతడు కారును తెచ్చి షామియానా పక్కన నిలిపి, బానెట్ ఎత్తి ఆంప్లిఫయరు వైర్లు తగిలించెను. వద్దన్నాను. "బావా, విజయవాడ పోయి వచ్చే బ్యాటరీ ఇది. రెండు పాటలకి తరుగుద్దా?" అన్నాడు. ఆ వైర్లు తగిలించినది చక్రాలు తిప్పే పెద్ద బ్యాటరీకి కాదు, కారును నిద్ర లేపే చిన్న బ్యాటరీకి అని తరువాత తెలియవచ్చినది. పాటలు రెండుతో ఆగలేదు. మైకు చేతికి వస్తే మా వాళ్ళ సాక్ష్యాలు ఒక పట్టాన తెమలవు.

3. తెల్లారి కారు లేవలేదు. తెర వెలగదు, గేరు మారదు, చక్రాలు బిగుసుకొని తోసినా దొర్లవు. పెద్ద బ్యాటరీ నిండుగానే ఉన్నదట, ఏం లాభం? కారుకు ఒక పక్క ప్రహరీ, ఒక పక్క మురుగు కాలవ. పాలవాడూ బడిపిల్లలూ బానెట్ ఎక్కి దిగుతున్నారు. స్ట్రెచర్ ఎక్కదు గదండీ.

4. చేసిన ప్రయత్నములు:

(అ) కంపెనీకి ఫోను చేయగా ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి సార్," అన్నది. ఆన్ కానందుకే గదమ్మా ఫోను చేసింది అంటే, అయితే సర్వీసు సెంటరుకు తీసుకురమ్మన్నది. దేనిమీద తేవాలో చెప్పలేదు. బయటివారు చెయ్యి పెడితే వారంటీ పోవునని మాత్రం మళ్ళీ మళ్ళీ చెప్పినది.

(ఆ) హైదరాబాదు వైపు నుంచి బయలుదేరిన వారి వ్యాను గరికపాడు దాకా వచ్చి, రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టు దాటితే మా ఏరియా కాదంటూ వెనక్కు మళ్ళినది.

(ఇ) మెకానిక్ పుల్లయ్య, "డీజిలైతే చెప్పండి మాస్టారూ. కరెంటు బండి నే ముట్టుకోను, లైన్‌మన్ని పిలవండి," అన్నాడు. లైన్‌మన్ వచ్చి చూసి, "మీటరు దాకే మాదండి," అని టీ తాగి వెళ్ళాడు.

5. ఎదురింటి మిర్చి వ్యాపారి చెన్నకేశవరావు గారి స్కూటరు కూడా లోపలే చిక్కుకున్నది. ఆయన, "మాస్టారూ, మా గోడౌనులో బస్తాలు మోసే ముఠా వాళ్ళని పిలుస్తా. ఎత్తి కాలవలో పడేస్తారు, పీడా పోద్ది," అన్నారు. కొత్త కారండీ, సీట్ల కవర్లు కూడా ఇంకా తీయలేదు అన్నాను. ఆయన నా వంక ఒక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయారు. ఆ చూపు గుర్తొస్తే ముద్ద దిగడం లేదు.

6. గదిలోంచి అమ్మాయి, "నాన్నా, బండి కదిలిందా?" అని అడుగుతుంది. వస్తున్నారమ్మా అంటాను. ఎవరు వస్తున్నారో నాకే తెలియదు. పిల్లలకు పౌరహక్కులు బోధించేవాణ్ణి, నా పిల్లను సందు దాటించలేకపోతున్నాను. భయంగా ఉంది సార్.

కావున సదరు కారు వాహనమా, కరెంటు సామానా, లేక ఆక్రమణయా అన్నది తమరే తేల్చి, రవాణా, విద్యుత్, పురపాలక శాఖలలో ఏదో ఒకదానికి అప్పగించి, గీత పడకుండా తొలగింపజేయ ప్రార్థన. ఇది మాత్రం ఫైలులో పెట్టక ముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు, ప్రస్తుతం దారి లేనివాడు,
కె. స్తెఫను

తా.క.: సంతకం పెడుతుండగా మా ఆవిడ జయమణి లోపల కేక వేసింది. రక్తం. కాగితం చేతిలో ఉండగానే వీధిలోకి పరుగెత్తి, "కేశవరావు గారూ, పిలవండి మీ వాళ్ళని!" అని అరిచాను. ఆయన వెంటనే ఫోను చేశారు. ముఠా వాళ్ళు వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. బెన్ని వేశాడు. నేనూ వేశా. కారు కాలవలోకి ఒరిగింది. అద్దాలు పగిలిన చప్పుడు వినపడింది గానీ, వెనక్కి తిరిగి చూసే తీరిక నాకు లేదు. 108 ఇంటి గుమ్మం దాకా వచ్చింది.

ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఇది రాస్తున్నా. ఊరికే కూర్చోలేక. జాయిస్‌కి రక్తం ఎక్కిస్తున్నారు, గండం గడిచిందని నర్సమ్మ చెప్పింది. బిడ్డ సంగతి అడిగితే ఆగమంది. కారు సంగతి మీరు తీరిగ్గా తేల్చుకోండి, అసలు తేల్చకపోయినా...

సార్, లోపల ఏడుపు వినపడుతోంది. జాయిస్‌ది కాదు. వెళ్తున్నా.