పాప అన్నాను

సోమవారం సాయంత్రం

ఏమండీ,

క్షేమంగానే చేరాను. నడుము పట్టేసింది, అంతే. మీరు బస్సు పైకి ఎక్కించిన సంచి దింపడానికి కండక్టరు నానా తంటాలు పడ్డాడు. ఇందులో ఇటుకలున్నాయా అన్నాడు. పుస్తకాలు నాయనా అంటే నమ్మలేదు. ఈ ఉత్తరం మన వీధి చివర ఉండే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటారేమో. మీ గొంతు వింటే సగంలో నవ్వేసి, అంతా బాగుందండీ అని పెట్టేస్తాను. నా సంగతి మీకు తెలియనిదా.

తిట్టనంటే అసలు విషయం చెప్తాను. నేనింకా కాలేజీలో చేరలేదు. వచ్చాను, లోపలే ఉన్నాను, కానీ చేరలేదు. ఎలాగంటే, గేటు దగ్గర పసుపు టీషర్టు వేసుకున్న అమ్మాయి ఒకతె పరుగున ఎదురొచ్చి నా సంచి అందుకుంది. "పేరెంట్స్ ఇటు ఆంటీ" అని చెయ్యి పట్టుకుని మరీ తీసుకెళ్ళింది. పిల్ల బంగారం, అంత మర్యాదగా తీసుకెళ్తుంటే మధ్యలో ఆపి, తల్లీ, నేనే స్టూడెంటుని అని ఎలా చెప్పను? హాల్లోకి వెళ్ళాక చెబుదాంలే అనుకున్నాను. అక్కడ ఇంకో పిల్ల నా జాకెట్టుకు బ్యాడ్జీ గుచ్చేసింది. దాని మీద 'పేరెంట్' అని రాసి ఉంది.

హాలు నిండా మన ఈడువాళ్ళే. సరే, టీ ఇచ్చే వేళకు చెబుదాం అనుకున్నాను. టీ దగ్గర పక్కనున్నావిడ (వాళ్ళకు బేకరీ ఉందట, ఆవిడ చీర కొంగుకు కూడా పిండి మరక) కప్పు చేతికిచ్చి, "ఏం వదినా, బాబా, పాపా?" అంది. ఎంత మామూలుగా అడిగిందో చెప్పలేను. మనల్ని ఆ మాట అడిగి ఎన్నేళ్ళయింది? మన వీధిలో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగరు. కొత్తవాళ్ళెవరైనా అడగబోతే పక్కవాళ్ళు కళ్ళతోనే ఆపేస్తారు.

పాప అన్నాను.

నాకే తెలియదండీ ఆ మాట ఎలా వచ్చిందో. ఏం గ్రూపు అంది. చరిత్ర అన్నాను. "మావాడిదీ అదే" అని ఆవిడ సంబరపడిపోయి నా చెయ్యి పట్టుకుంది. ఇంకేముంది, అయిపోయింది. ఇప్పుడు నేను తల్లిదండ్రుల వసతి గృహంలో ఆవిడ పక్క మంచం మీద కూర్చుని ఇది రాస్తున్నాను. శుక్రవారం మధ్యాహ్నం లోపు పిల్లలందరూ డిపార్ట్‌మెంటులో హాజరు వేయించుకోవాలట. పడకపోతే ఆ సీటు వెయిటింగులో ఉన్నవాళ్ళకు వెళ్ళిపోతుంది. రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పేస్తాను. ఎంతసేపు, రెండు మాటల పని.

మీ నేను

బుధవారం

ఏమండీ,

చెప్పలేదు. నిన్న పొద్దున డిపార్ట్‌మెంటు మెట్ల దాకా వెళ్ళాను. పద్దెనిమిదేళ్ళ పిల్లలు ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు పడి నవ్వుకుంటున్నారు. ఒకడు నన్ను చూసి పక్కకు జరిగి, "రండి ఆంటీ, ఎవరు కావాలి?" అన్నాడు. ఎవరూ వద్దు బాబూ అని తిరిగొచ్చేశాను. ఏళ్ళ తరబడి కుట్టుమిషను పక్కన పుస్తకం పెట్టుకుని చదివి, పరీక్ష రాసి, సీటు తెచ్చుకున్న మనిషిని నేనేనా అని నాకే అనుమానం వచ్చింది.

అది వదిలేయండి, తల్లిదండ్రుల మీటింగులు భలే ఉన్నాయి. ఒకాయన లేచి, మా అమ్మాయికి చలి ఎక్కువ, రెండో దుప్పటి ఇస్తారా అని అడిగాడు. ఇంకొకాయన రోజుకు ఎన్నిసార్లు ఫోన్ చెయ్యొచ్చని అడిగితే, ఆయన భార్య అందరిముందే, "మీరు అసలు చెయ్యకండి, ఏడుస్తారు" అంది. హాలంతా నవ్వు. నేనూ ఉండబట్టలేక లేచాను. మా అమ్మాయికి క్లాసులో అందరికంటే వయసు ఎక్కువ, ఎవరైనా వెక్కిరిస్తారేమో అని భయంగా ఉంది సార్ అన్నాను. చరిత్ర ప్రొఫెసరు ఎంత ఎక్కువ అన్నారు. కాస్త అన్నాను. "మొదటి నెల ఇబ్బంది పడుతుందమ్మా. తర్వాత అందరూ ఆమె నోట్సు కోసమే వస్తారు" అన్నారు. గుండెల మీంచి బరువు దించినట్టయింది. కూర్చున్నాక, దించింది ఎవరి బరువని ఆలోచిస్తే బుర్ర తిరిగింది.

బేకరీ వదిన ఊరికే ఉండనివ్వదు. మీ అమ్మాయి ఎలా ఉంటుంది, ఎందుకు కనబడదు అని ఒకటే గొడవ. సిగ్గెక్కువ, జనంలోకి రాదు అన్నాను. ఇంకా చెప్పమంది, చెప్పాను. మొండిది. కంచం పక్కన పుస్తకం లేకపోతే ముద్ద దిగదు. రంగు నాది. ముక్కు మాత్రం వాళ్ళ నాన్నది అన్నాను. ఆ మాట అనగానే నాకు ఆ పిల్ల కనబడిందండీ. మీ ముక్కుతో, విసుగ్గా, అమ్మా ఇక చాలు అంటున్నట్టు. మొహం కడుక్కునే నెపం పెట్టి లోపలికి వెళ్ళి, కుళాయి తిప్పి ఏడ్చాను.

రెండోసారి ఆసుపత్రి నుంచి మనమిద్దరమే వచ్చిన రోజు గుర్తుందా? మీరు తాళం తీస్తూ, నా మొహం చూడకుండా, మనకు మనం చాలమా అన్నారు. చాలు అన్నాను. ఆ తర్వాత ఆ మాటే మన మధ్య రాలేదు. మీరు సెలూన్‌కి, నేను మిషను దగ్గరికి. మీరు నన్ను ఎంత బాగా చూసుకున్నారో నాకు తెలియనిది కాదు. అయినా ఇంత దూరం వచ్చి, పరాయి మంచం మీద కూర్చుని రాస్తున్నాను. నాకు చాలలేదండీ. ఎప్పుడూ చాలలేదు. చదువు మొదలుపెట్టింది కూడా ఆ ఖాళీ పూడుతుందనేనేమో, అదీ తెలియడం లేదు.

శుక్రవారం పిల్లలందరినీ మైదానంలోకి తెస్తారట. మీ అమ్మాయిని ఆరోజు చూడకుండా కదిలేది లేదని వదిన పట్టుబట్టింది. అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. ఆ పొద్దున్నే బస్సెక్కి వచ్చేస్తాను. పిచ్చిగా అనిపిస్తుందేమో గానీ వినండి. నేను వచ్చేస్తే అమ్మాయి ఇక్కడే ఉండి చదువుకుంటుంది. నేను ఉండిపోతే ఆ పిల్ల ఉండదు. ఈ రెండింటిలో ఏది మంచిదో నాకు తేలడం లేదు. తేలనప్పుడు ఇల్లే నయం. మిషను మీద గుడ్డ కప్పి వచ్చాను, తీసేసి ఉంచండి.

మీ ఆవిడ

గురువారం, షాపులోంచి

ఏమోయ్ కాలేజీ పిల్లా,

రాయడం నాకు రాదని తెలుసుగా, తప్పులుంటే సర్దుకో. మొదటి ఉత్తరం చదివి పగలబడి నవ్వితే, గడ్డం గీయించుకుంటున్న పెద్దాయన, కత్తి పక్కన పెట్టి నవ్వరా బాబూ అన్నాడు. రెండోది చదివి షట్టరు సగం దించాను. అటు ఇటు పోయేవాళ్ళు ఏమైందని అడుగుతుంటే పంటి నొప్పి అని చెప్పాను.

నీకొకటి చెప్పాలి. నువ్వు బస్సెక్కిన రోజే కొత్తాయన ఒకడు వచ్చాడు, బదిలీ మీద ఈ ఊరొచ్చాడంట. కుర్చీలో కూర్చుని, పిల్లలెంతమందండీ అన్నాడు. ఒక్కతే, మొన్ననే కాలేజీలో చేరింది అన్నాను. నిన్ను దాచాలని కాదే, ఒట్టు. నా పెళ్ళాం చదువుతోందని పాత గిరాకీలందరికీ నేనే డప్పు కొట్టుకుంటున్నాను. ఈయనకు మాత్రం అలా వచ్చేసింది. ఏం చదువుతోంది, హాస్టల్ బాగుందా అని ఆయన అడుగుతూనే ఉన్నాడు, నేను చెబుతూనే ఉన్నాను. కుర్చీ దిగితే ఆ మాటలు అయిపోతాయని కత్తెర ఆడిస్తూనే ఉన్నాను. పాపం ఆయన తల మీద కత్తిరించడానికి ఇంకేమీ మిగల్లేదు.

నీ ఉత్తరం రాకముందే చేసిన పని ఇది. నాకూ చాలలేదు. నువ్వు ఏడుస్తావని నేను, నేను బాధపడతానని నువ్వు, ఇన్నేళ్ళు నోరు మూసుకున్నాం. బాగానే ఉంది మన తెలివి.

ఇక బస్సు సంగతి. ఎక్కకు. నువ్వొచ్చేస్తే అమ్మాయి అక్కడే ఉంటుందని రాశావు. ఎక్కడుంటుందే? ఏ గదిలో? నాకు కాలేజీలో చదువుకునే మనిషి ఒక్కతే ఉంది, ఉన్న ఆ ఒక్కదాన్నీ వెనక్కి తీసుకురాకు. మిషను మీద గుడ్డ నేను తియ్యను. ముక్కు సంగతి రాశావు కదా, పొద్దుట్నుంచి అద్దంలో అదే చూసుకుంటున్నాను.

నీ ఆయన

శుక్రవారం

ఏమండీ,

మీ ఉత్తరం డ్రైవరు నా చేతికిచ్చేసరికి సంచితో సహా బస్టాండులో నిలబడి ఉన్నాను. బెంచీ మీద కూర్చుని చదివాను. కదులుతున్నాం ఎక్కమ్మా అన్నాడు. ఎక్కను, నువ్వు వెళ్ళు అన్నాను. నాకేదో స్పష్టంగా తెలిసొచ్చి అలా అన్నానని అనుకోకండి. ఏమీ తెలియలేదు. ఏ గదిలో ఉంటుందే అన్నారు చూడండి, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, అంతే.

తిరిగి గదికి వెళ్ళాను. బేకరీ వదిన బట్టలు సర్దుకుంటోంది. మంచం అంచున కూర్చుని, వదినా, అమ్మాయి లేదు, చేరాల్సింది నేనే అన్నాను. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం మాడ్చుకుంది.

"మావాడి గుట్లన్నీ నీకు చెప్పుకున్నాను కదమ్మా. తల్లివి కదా, నీకు తెలుస్తుందని చెప్పుకున్నాను."

వదిన అనలేదు, అమ్మా అంది. నాకది చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. పిల్లలు కావాలనుకున్నాం, లేరు, నువ్వు పాపా అని అడిగితే కాదనలేకపోయాను అని మాత్రం చెప్పగలిగాను. ఆవిడ సంచి జిప్పు లాగి బయటికి వెళ్ళిపోయింది.

డిపార్ట్‌మెంటులో గుమాస్తా నా కాగితాలు చూసి, నన్ను చూసి, మళ్ళీ కాగితాలు చూశాడు. అమ్మాయి ఏదమ్మా అన్నాడు. నేనే అన్నాను. తల గోక్కుని ముద్ర వేసేశాడు. పక్కనున్న పిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. చూసుకోనీ.

ఆ తర్వాత మైదానంలో ఈ కాలేజీ వాళ్ళ ఆనవాయితీ ఒకటుంది, నాకు ముందు తెలియదు. పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే పిలుస్తారు. వాళ్ళ తల్లో తండ్రో వచ్చి, ప్రొఫెసరు దగ్గర ఐడీ కార్డు తీసుకుని, స్వయంగా పిల్ల మెడలో వేస్తారు. వేస్తూ చెవిలో ఏదో ఒకటి చెప్తారు. ఫోన్ చేస్తే ఏడుస్తాడన్న ఆ తండ్రి కార్డు చేతిలోకి రాకముందే మొదలుపెట్టాడు. నన్ను పిలిచారు. ప్రొఫెసరు గుర్తుపట్టి నా వెనక చూస్తూ, మీ అమ్మాయి రాలేదా అన్నారు. కార్డు నాదే సార్ అన్నాను. ఆయన, మరి మీ తరఫున ఎవరొచ్చారమ్మా అన్నారు.

"నేనే వచ్చాను సార్."

కార్డు నా చేతికిచ్చారు. దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఐదు రోజులుగా ఆ తల్లుల మధ్య కూర్చుని నేర్చుకున్నదంతా ఉంది కదా, మనసులో మొత్తం చెప్పుకున్నాను. వేళకు తిను. ఎవరో ఏదో అన్నారని మానెయ్యకు. అర్థం కాకపోతే అడుగు, సిగ్గుపడకు. ఎవరికి చెప్పానంటే, ఆ పిల్లకి చెప్పాననే అనుకుంటున్నాను. కార్డు మెడలో వేసుకుంది మాత్రం నేను.

వరసలోంచి పక్కకొచ్చేసరికి బేకరీ ఆవిడ ఎదురుగా ఉంది. ఇంకా మూతి ముడుచుకునే ఉంది. దగ్గరకొచ్చి, కార్డు తిరగబడింది చూసుకో అని, తనే సరిచేసింది. "మావాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండు అనేదాన్ని. ఇప్పుడెలా అనను? నువ్వూ వాడి క్లాసే అయిపోయావు" అంది. అనొచ్చు వదినా అన్నాను. అనలేదు గానీ, నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

ఆ బదిలీ ఆయన మళ్ళీ వచ్చి అడిగితే, అమ్మాయి బాగుందని చెప్పండి. ఆ ఒక్కాయన దగ్గర ఉండనిద్దాం. నాకు దిగులుగా ఉంది, ఆకలిగా ఉంది, నవ్వొస్తోంది. ఇవన్నీ కలిపి ఏమంటారో తెలియదు. సోమవారం క్లాసుకు ఏ చీర కట్టుకోవాలో కూడా తెలియదు.

సాయంత్రం తల్లిదండ్రులందరూ వెళ్ళిపోయారు. గేటు దాటాక ఒక్కసారి వెనక్కి తిరిగి చేతులు ఊపారు. వాళ్ళతో పాటు నేనూ ఊపాను. ఊపి ఊపి, నేను గేటుకు లోపలివైపు నిలబడి ఉన్నానని కాసేపటికి గానీ గమనించలేదు.

మీ ఆవిడ,
చరిత్ర, మొదటి సంవత్సరం