లచ్చవ్వ నాటు పాటలు

ఆషాఢం, మంగళవారం

పొద్దటి నుంచి ముసురు. పెద్ద మడిలో నాటు సగం మిగిలింది. మధ్యాహ్నం లచ్చవ్వ బిడ్డ రాజవ్వ వచ్చింది. చనిపోయే ముందటేడు లచ్చవ్వ మా మడిలో నాట్లేస్తూ పాడితే నేను రికార్డు చేసిన పాటలు నా పాత మ్యూజిక్ ప్లేయర్‌లో ఉన్నాయి. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

"పాట పెట్టన్నా, నా ఫోన్ల పట్టుకుంట," అన్నది.

"గట్లయితే రేకుల మీది వాన సప్పుడు గూడ అస్తది చెల్లె. కంప్యూటర్ల ఎక్కించి సాఫ్‌గ ఇస్త," అన్నాను.

ప్లేయర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌ను కొత్త కంప్యూటర్‌లో వేసి వైరు కలిపాను. ఇంగ్లిష్‌లో ఏదో అడిగింది. చదవకుండా అవునని నొక్కాను. అది పాటలను లోపలికి పంపుతుందే గాని బయటికి తీయనివ్వదు. కంప్యూటర్ మారితే పాతవన్నీ తుడిచేస్తుంది. ప్లేయర్ ఖాళీ అయ్యాకే ఆ సంగతి తెలిసింది.

రాజవ్వ కోపం చేయలేదు. "మా అవ్వ నాట్లల్ల అందరిని ఎక్కిరిచ్చుకుంట పాడేది. నిన్ను గూడ అన్నదా?"

అన్నది. ఒడ్డు మీద గొడుగు పట్టుకొని పెత్తనం చేస్తున్నానని పాట కట్టింది. ఆ చరణం చెప్పబోతే నోటికి రాలేదు.

రాజవ్వ ఐదున్నర బస్సుకు హుస్నాబాద్ పోయింది.